రింగులో పడ్డ పెళ్లితుండు

నేను ఒక తుండును. భుజం మీద మడతపెట్టి వేసుకునేవాళ్లు కండువా అని మర్యాద చేస్తారు. తల తుడుచుకునేవాళ్లు తువ్వాలంటారు. పొయ్యి మీంచి గిన్నె దించడానికి లాక్కునేవాళ్లు ఆ గుడ్డ ఇలా పడెయ్ అంటారు. ఎలా పిలిచినా వెళ్తాను. వెళ్లకపోవడానికి నాకు కాళ్లు లేవు, కోపం అంతకన్నా లేదు. అంచున రెండు వేళ్ల వెడల్పున ఎర్ర గళ్లున్నాయి. మధ్యలో ఒకచోట ఉతికినా పోని లేత మరక ఉంది. ఆ మరక ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లా పొందూరులో. మా ఊరి నూలు సన్నదనం గురించి మీరు వినే ఉంటారు. పత్తిని మా దగ్గర వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకు చిన్న చిన్న పళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. గింజకు అంటుకున్న దూదిని ఓ పక్కకు దువ్వుతూ నలకలన్నీ లాగేస్తాయి. నన్ను అలా దువ్విన ఆవిడ పేరు దాలమ్మ. ఓ కాలు చాపుకుని, ఒళ్లో పత్తి పెట్టుకుని, లోకం మీద విసుర్లు విసురుతూ దువ్వేది. వడికింది ఆవిడే, నేసింది ఆవిడ భర్త. సన్నటి నూలంతా పంచెలకు పోయాక మిగిలిన కాస్త లావు నూలుతో నన్ను నేశారు. అయినా నేను చిన్నబుచ్చుకోలేదు. చెమట పీల్చడానికి లావు నూలే మేలు. సన్నవాళ్లు చెమటను చూసి మొహం తిప్పుకుంటారు.

నన్ను నేసింది వాళ్లబ్బాయి కూర్మారావు పెళ్లికి. కూర్మారావు విశాఖపట్నంలో ఓ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. రోజంతా నిలబడి పాఠం చెప్పే మనిషికి పొట్ట ఎందుకొచ్చిందో ఆయన లెక్కకే అందలేదు. దాన్ని తగ్గించుకుందామని చేపల రేవు దగ్గరున్న బాక్సింగ్ జిమ్ముకు వెళ్లాడు. అక్కడ మైలపల్లి పైడితల్లి అనే అమ్మాయి ఇసక బస్తాను వాయిస్తూ కనిపించింది. ఆ అమ్మాయి ఆగి, కొత్తగా వచ్చిన లెక్కల సారు తాడాట ఆడలేక కాళ్లకు తాడు చుట్టుకుని పడిపోవడం చూసి, తన నీళ్ల సీసా ఇచ్చిందట. పొట్ట తగ్గలేదు గానీ పెళ్లి కుదిరింది.

సంబంధం సంగతి విని దాలమ్మ ఒళ్లో పత్తి తీసి పక్కన పెట్టిందట. ఆ తర్వాత అంది: "మన పత్తికి చేప పళ్లు కావాలి. మనోడికి చేపలోళ్ల పిల్ల కావాలొచ్చింది. కానీండి." అంతటితో ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను అప్పటికి సగమే నేతలో ఉన్నాను. ఆ మాట తర్వాత మగ్గం చప్పుడు కాస్త హుషారుగా వినిపించింది.

పెళ్లినాడు కూర్మారావు భుజమెక్కాను. అప్పుడే ఆయన అలవాటొకటి నాకు తెలిసింది. మా వైపు కబడ్డీ పోటీల్లో మనవాడు అవతలివాళ్లను ముట్టుకుని గీత దాటి తిరిగొస్తే, చూసేవాళ్ల భుజాల మీది తుండులన్నీ ఒక్కసారి గాల్లోకి లేస్తాయి. అది మా చప్పట్లు. కూర్మారావు ఆ అలవాటును పట్నానికి మోసుకొచ్చి ఇంట్లో కూడా వాడేవాడు. పోయిన కరెంటు వస్తే నన్ను ఎగరేసేవాడు. పెనం మీంచి దోసె చిరక్కుండా లేస్తే ఎగరేసేవాడు. కొత్త కాపురం కదా, ఆ ఇంట్లో రోజూ ఏదో ఒకటి అద్భుతంగానే ఉండేది. పాలు పొంగకుండా కాగితే ఒకరినొకరు మెచ్చుకునేవారు. నేను గాల్లో ఓసారి తిరిగి, ఫ్యాను రెక్కలు తప్పించుకుని, ఆయన చేతిలోనే పడేదాన్ని. పైడి నవ్వుతూ, "సారూ, నీ తుండుకి కాళ్లు నేల మీద ఆనవు," అనేది. పెళ్లయినా ఆమె ఆయన్ను సారూ అనే పిలిచేది.

ఇక అసలు విషయానికి వస్తాను. పైడి ఫెదర్‌వెయిట్ బాక్సర్. ఫెదర్ అంటే ఈక. మనుషులు ఒకరినొకరు కొట్టుకోవడానికి ముందు పత్తి తూచినట్టు తూచుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. యాభై ఏడు కిలోలు దాటి ఇంకాస్త, అంతే. ఆ గీత మీద ఒక్క గుక్కెడు మంచినీళ్లు ఎక్కువైనా ఈక కాదు పొమ్మంటారు. ఆ బరువులో ప్రపంచ ఛాంపియన్ మెక్సికో అమ్మాయి, పేరు మారిసోల్ ఇబార్రా. ఆమె తన బెల్టును పణంగా పెట్టి విశాఖపట్నం వచ్చి ఆడటానికి ఒప్పుకుంది. పైడికి ఇలాంటి పిలుపు ముందెప్పుడూ రాలేదు. ముప్పై దాటాక మళ్లీ వస్తుందన్న ఆశ కూడా లేదు.

పైడికి శిక్షణ ఇచ్చేది సింహాచలం మాస్టారు. నౌకాదళంలో ఉన్నప్పుడు తనూ బాక్సింగ్ చేసిన మనిషి. ముక్కు ఎడమకు వాలి ఉంటుంది, అందుకే ఆయన ఎటు చూస్తున్నాడో కనిపెట్టడం కష్టం. ఆయనకు ఒకటే పిచ్చి. పైడి చేతులకు పట్టీలు చుట్టేటప్పుడు ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ల కథలు చెబుతాడు. పట్టీ ఎంత పొడవో కథ అంత పొడవు. పెళ్లి తర్వాత నేను కూర్మారావు భుజం మీద ఉండి అవన్నీ విన్నాను. ఇంట్లో దోసె లేస్తే నేను ఎగిరే సంగతి పైడి ఆయనకు చెప్పి నవ్వింది.

ఈ బరువు తరగతి పుట్టి నూరేళ్లు ఎప్పుడో దాటింది. మొదట్లో ఈక ఎంత బరువుండాలో ఎవరికీ కుదరలేదట. ఒకరొకటి అంటే ఇంకొకరు ఇంకొకటి అన్నారు. చివరికి నూట ఇరవై ఆరు పౌన్ల దగ్గర స్థిరపడింది. కెనడాలో పుట్టిన జార్జ్ డిక్సన్ అనే పొట్టి మనిషి ఈ బరువులో ఛాంపియన్ అయ్యాడు. ఏ బరువులోనైనా సరే, ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే అని మాస్టారు ఆ పేరు దగ్గర ఓసారి ఆగేవాడు. తర్వాత జానీ కిల్బేన్ పదకొండేళ్లు బెల్టు వదల్లేదు. ఆయన్ను పడగొట్టింది ఫ్రాన్సువాడు యూజీన్ క్రికీ. యుద్ధంలో తుపాకీ గుండుకు దవడ పగిలితే అతికించుకుని వచ్చి మరీ గెలిచాడు. గెలిచి రెండు నెలలైనా కాకుండానే ఓడిపోయాడు. "అయితేనేటి," అనేవాడు మాస్టారు, "ఛాంపియన్ల పట్టికలో పేరున్నాది." ఇంకా విల్లీ పెప్. విమానం కూలితే బతికి బయటపడి, అదే ఏడాది మళ్లీ రింగెక్కి ఛాంపియన్‌గానే దిగాడు. ఆయన్ను శాండీ శాడ్లర్ ఓడించాడు. మళ్లీ ఆడితే పెప్ గెలిచాడు. ఆ తర్వాత మళ్లీ శాడ్లరే.

ఆడవాళ్ల పేర్లు ఆ వరసలోకి చాలా ఆలస్యంగా వచ్చాయి. మాస్టారు అక్కడికి వచ్చేసరికి పట్టీ అయిపోయేది. ముడి వేసి, "మిగతాది నువ్వు చెప్పాలి గుంటా," అనేవాడు. వినడానికి బాగుండేది. నాకు మాత్రం చేప దవడతో తల దువ్వించుకున్నదాన్ని కాబట్టి, అతికించుకున్న దవడ కథే మనసుకు పట్టింది.

పోటీకి ఇంకా కొద్దిరోజులుందనగా గొడవ మొదలైంది. రింగు మూలలో బాక్సర్ కూర్చునే చోటును కార్నర్ అంటారు. అక్కడ మాస్టారుతో పాటు ఇంకో ఇద్దరుండొచ్చు. ఒకామె దెబ్బలకు మందు రాసే నర్సు. మూడోవాడు బకెట్టు, నీళ్లు, తువ్వాలు చూసుకోవాలి. ఆ మూడోవాడు కూర్మారావే కావాలని పైడి అడిగింది. మాస్టారు వద్దన్నాడు. కార్నర్ నుంచి తువ్వాలు రింగులోకి విసిరితే, మావాళ్లు ఓడిపోయారు ఆట ఆపండి అని అర్థమట. ఆ సంగతి నేను అప్పుడే మొదటిసారి విన్నాను. నా జాతివాళ్లం అంత పెద్ద మాట మాట్లాడగలమని తెలిసి ఒళ్లు గగుర్పొడిచింది.

"కట్టుకున్నోడు కార్నర్లో ఉండకూడదు," అన్నాడు మాస్టారు. "నీ మీద ఒక దెబ్బ పడితే ఆడి కళ్లకి నాలుగు కనబడతాయి. తువ్వాలిసిరీసి ఏడుస్తాడు. నీకు తెలీందేటి?"

పైడికి తెలుసు. చాలా ఏళ్ల కిందట రాష్ట్ర స్థాయి ఫైనల్లో వాళ్లన్న ఆమె కార్నర్లో ఉన్నాడు. ముక్కు నుంచి రక్తం కారడం చూడలేక తువ్వాలు విసిరేశాడు. ఆమె ఇంకా ఆడగలదు, గెలవగలదు కూడా. ఆమెను అడగకుండానే ఆట అయిపోయింది. వాళ్లన్న ప్రేమతోనే చేశాడు. ఆ ప్రేమను క్షమించడానికి ఆమెకు చాలా కాలం పట్టింది.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్మారావుకు ఆ కథంతా చెప్పింది. చెప్పి, "నాను పడతాను, లెగుస్తాను. అది నా పని," అంది. "నువ్వు భయపడితే భయపడు సారూ, తప్పేం లేదు. కానీ నా తరపున నువ్వు ఓడిపోకు."

కూర్మారావు ఒలిచిన చిక్కుడు గింజ చేతిలో పట్టుకుని, "భయంతో నేను తుండు వదలను," అని మాటిచ్చాడు. ఆ మాటలో 'భయంతో' అన్న పదం ఎంత అవసరమో అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

బరువు చూసే రోజు నన్ను తెరలా పట్టుకున్నారు. పైడి ముందురోజు నుంచీ నీళ్లు తాగలేదు. పెదవులు ఎండిన కాగితంలా ఉన్నాయి. మొదటిసారి ఎక్కితే గీతకు రవ్వంత ఎక్కువ చూపించింది. నర్సు, ఇంకో అమ్మాయి నన్ను చెరో చివరా పట్టుకున్నారు. వెనకాల పైడి ఒంటి మీది బట్టలు తీసేసి మళ్లీ తూకం మీదికెక్కింది. అంకెలు అటూ ఇటూ ఊగాయి. నాకు ఊపిరి లేదు గానీ, ఉంటే బిగబట్టేదాన్ని. సరిపోయింది. ఆమె దిగి, కొబ్బరినీళ్లు అందుకుని, మొదటి గుక్క నోట్లో ఉంచుకుని కళ్లు మూసుకుంది. గెలవడం ఎలా ఉంటుందో తర్వాత చూశాను. ఆ గుక్క కన్నా గొప్పగా ఉంటుందని మాత్రం చెప్పలేను.

పోటీనాడు ఇండోర్ స్టేడియం కిక్కిరిసి ఉంది. రేవు జనమంతా ఓ పక్క కూర్చుని పడవ లాగేటప్పటి కేకలు వేస్తున్నారు. పొందూరు నుంచి వచ్చిన పది పన్నెండు మంది ముందు వరుసలో ఒద్దికగా కూర్చున్నారు. దాలమ్మ మాత్రం రాలేదు. కోడలు గెలిచాక ఫోను చెయ్యండి, ఓడితే కోడల్నే చెయ్యమనండి అందట.

మారిసోల్ అందమైన బాక్సర్. ఆ మాట చెప్పి తీరాలి. ఆమె పాదాలు నేలను అడిగి మరీ కదులుతున్నట్టుండేవి. మొదటి రౌండ్లలో పైడి కొట్టిన దెబ్బలు ఆమె అంతకుముందు నిలబడ్డ చోట పడ్డాయి. తర్వాత పైడి దగ్గరకు వెళ్లి ఆడటం మొదలుపెట్టి ఒకటి రెండు రౌండ్లు లాక్కుంది. ఐదో రౌండులో తలలు తగిలి పైడి కనుబొమ మీద చీరుకుపోయింది. రౌండు అయ్యాక నర్సు గాయాన్ని నొక్కిపెడితే, కూర్మారావు నాతో ఆమె మెడ మీది రక్తం తుడిచాడు. మరక అన్నానే, అది. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచాడు. మాస్టారు ఆయన వైపు చూడకుండానే, చూడలేకపోతే వెళ్లిపొమ్మన్నాడు. కూర్మారావు వెళ్లలేదు. ఆరో రౌండంతా పైడి తాళ్లకు ఆనుకుని దెబ్బలు తింటుంటే నా ఎర్రంచు కొరుకుతూ నిలబడ్డాడు. నన్ను పిడికిట్లో నలిపేశాడు, మెలిపెట్టాడు, కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. వదల్లేదు. భయంతో వదలనన్నాడు, వదల్లేదు. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది.

ఏడో రౌండు చివర్లో మారిసోల్ పైడిని మళ్లీ మూలకు తోసింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటున్నారు. ఏ చెయ్యి ఎవరిదో తెలియడం లేదు. ఆ కలగాపులగంలోంచి పైడి ఎడమ చెయ్యి అడ్డంగా వచ్చి మారిసోల్ దవడకు తగిలింది. అందంగా కదిలే ఆ పాదాలు రెండూ ఒకేసారి నేలను మరిచిపోయాయి. మారిసోల్ కూర్చుండిపోయింది.

అంతే, నేను గాల్లో ఉన్నాను.

ఎప్పుడు లేచానో నాకే తెలియదు. కూర్మారావుకూ తెలియదు. మనవాడు గీత దాటి తిరిగొచ్చాడు, అంతే ఆయనకు తెలిసింది. ఫ్యాను లేని చోట కదా, ఎప్పుడూ లేనంత పైకి లేచాను. పైనున్న దీపాలు దగ్గరగా చూశాను. ఒక్క క్షణం చాలా హాయిగా ఉంది. తర్వాత కిందికి చూస్తే ఆయన చేతులు లేవు. తాళ్ల లోపల నీలం రంగు నేల ఉంది. రింగు నడుమ మెత్తగా పరుచుకున్నాను.

స్టేడియం అంతా లేచి నిలబడింది. మారిసోల్ కార్నర్లోని వాళ్లు తాళ్లెక్కి, తువ్వాలు పడింది, ఆట అయిపోయింది, మాదే గెలుపు అని అరవసాగారు. రిఫరీ నల్లటి పొడవాటి మనిషి. ఆయన నన్ను చూశాడు, నేల మీద కూర్చున్న మారిసోల్‌ను చూశాడు. కాలితో నన్ను ఓ పక్కకు నెట్టి అంకెలు లెక్కపెట్టడం కొనసాగించాడు. మారిసోల్ ఎనిమిది దగ్గర లేచి నిలబడింది. గంట మోగింది.

పైడి మాత్రం కదల్లేదు. దెబ్బ కొట్టాక ఎదురు మూలకు వెళ్లడానికి తిరిగినప్పుడు ఆమెకు కనిపించింది నేనే. నేల మీద, ఎర్రంచుతో, తన రక్తంతో. ఎప్పుడు పడ్డానో ఆమె చూడలేదు. తను మూలలో దెబ్బలు తింటున్నప్పుడే నేను పడ్డాననుకుంది. ఆమె మొహంలో అప్పటిదాకా ఏ దెబ్బా తేలేనిది కనిపించింది.

రిఫరీ నన్ను తీసుకెళ్లి పోటీ నడిపించే సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాడు. ఆ బల్ల మా కార్నర్ పక్కనే ఉంది. సూపర్‌వైజర్ తెల్లజుట్టు పెద్దావిడ. విరామాన్ని కాస్త పొడిగించి కూర్మారావును పిలిపించింది. మా పెళ్లికొడుకు అప్పుడు బలిచ్చే కోడిపుంజులా ఉన్నాడు. ఓటమి ఒప్పుకుంటూ విసిరావా అని ఆవిడ అడిగింది. విసిరింది దెబ్బకు ముందైతే ఆట అక్కడితో అయిపోయినట్టే, బెల్టు మారిసోల్‌దే. ఇంటర్ పిల్లలకు కలన గణితం అరటిపండు ఒలిచినట్టు చెప్పే మనిషికి ఒక్క ఇంగ్లీషు మాట దొరకలేదు. చివరికి, సంతోషం వస్తే మా ఊళ్లో ఇలాగే విసురుతారండీ అని తెలుగులోనే అనేశాడు. పక్కనున్న ఎవరో దాన్ని ఇంగ్లీషులో చెబితే, ఆవిడ అనుమానంగా చూసింది. సంతోషానికి ఓటమి జెండా ఎగరేసే జాతి ఒకటుందని ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అప్పుడు టీవీ వాళ్ల తెర మీద ఆ దృశ్యాన్ని మెల్లగా తిప్పి చూపించారు. పైడి చెయ్యి దవడకు తగలడం. మారిసోల్ మోకాళ్లు వంగడం. ఆ తర్వాత, ఆ తర్వాతే, కూర్మారావు రెండు చేతులూ ఎత్తి గాల్లోకి ఎగరడం. నోరు చెవుల దాకా సాగి ఉంది. కళ్లద్దాలు ఓ చెవికే వేలాడుతున్నాయి. పెద్దావిడ దాన్ని ఇంకోసారి వెయ్యమంది. ఇంకోసారి చూడాల్సిన అవసరం లేదనుకుంటాను, ముచ్చటేసి అడిగుంటుంది. ఓడిపోయామని ఒప్పుకునేవాడి మొహం ఇలా ఉండదని రిఫరీతో అంది. పైగా ఆట ఆపమని అడిగే హక్కు పెద్ద కోచ్‌కే గానీ బకెట్టు మోసేవాడికి లేదట. ఆట సాగుతుంది. రింగులో వస్తువు పడేసినందుకు పైడికి ఒక పాయింటు కోత. కూర్మారావు కార్నర్ వదిలి ఈ బల్ల పక్కనే కూర్చోవాలి. ఇంకోసారి ఏదైనా ఎగిరితే పైడిని పోటీ నుంచే తీసేస్తారు.

అక్కడ, మూడు మూరల దూరంలో, పైడి స్టూలు మీద కూర్చుని ఉంది. నోట్లోని మౌత్‌గార్డ్ తీస్తుంటే మాస్టారును ఒకటే అడిగింది.

"ఆపమన్నాడా?"

"ఎవడు?"

"సారు. ఆపమనేనా ఇసిరీసినాడు?"

మాస్టారు ఆమె మొహంలోకి చూశాడు. ఆయన ఎటు చూస్తున్నాడో ఆ ఒక్కసారి అందరికీ తెలిసింది. "ఆపమన్లేదే పిచ్చిదానా. నువ్వు దాన్ని కూలీసినావు కదా, సంబరం పట్టలేక ఎగరేసినాడు. పెనం మీద దోసె లెగిసినట్టు."

పైడి ఓ క్షణం అలాగే చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పెదవి చిట్లి ఉంది, కన్ను వాచి ఉంది, నర్సు కదలొద్దంటోంది, అయినా భుజాలు ఊగిపోయేలా నవ్వింది. అలా నవ్వుతూనే బల్ల వైపు చూసింది. కూర్మారావు ఏడుస్తున్నాడు. ఆమె గ్లవ్ ఎత్తి ఆయన వైపు చూపించి, మౌత్‌గార్డ్ పెట్టుకుంది.

ఆ మిగిలిన మూడు రౌండ్లూ నేను చూశానంటే చూశాను. బల్ల మీద మడతపెట్టి ఉన్నాను. పెద్దావిడ మోచెయ్యి నా మీద ఉంది. ఎనిమిదో రౌండు మారిసోల్‌దే, దాచడమెందుకు. కానీ పైడి వేరే మనిషిలా ఉంది. తనకు వెనక ఎవరున్నారో తెలిసిన మనిషి ఎలా తేలిగ్గా ఉంటుందో అలా ఉంది. యాభై ఏడు కిలోల గీత మీద పడుతూ లేస్తూ నిలబడ్డ మనిషి అప్పుడు నిజంగా ఈక అయ్యింది. తొమ్మిదిలో పక్కకు జరిగి కొట్టింది. పదిలో ఇద్దరూ నడిరింగులో నిలబడి ఉన్నదంతా ఒకరి మీద ఒకరు ఒలకబోసుకున్నారు. చివరి గంట మోగితే కొట్టుకున్న ఆ ఇద్దరే ముందు కౌగిలించుకున్నారు. మనుషుల సంగతి నాకు ఎప్పటికీ పూర్తిగా అర్థం కాదు.

న్యాయనిర్ణేతలు ముగ్గురు, వాళ్లలో ఇద్దరు ఎవరి పేరు రాస్తే వాళ్లదే గెలుపు. మొదటి పేరు మారిసోల్‌ది వచ్చింది, ఒక్క పాయింటు తేడాతో. కూర్మారావు కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. ఆ ఒక్క పాయింటు ఎవరిదో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. నేను ఆ బల్ల మీద మడత విప్పుకుని పారిపోగలిగితే పారిపోయేదాన్ని. రెండో పేరు పైడిది, ఒక్క పాయింటు. మూడోది చదివే మనిషి కాగితం సరిచేసుకుంటూ గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో కాస్త నలక ఉన్నట్టుంది. వాలుగ చేప దవడ ఇచ్చి దువ్వించుకోమనాలనిపించింది. తర్వాత ఆయన మైలపల్లి అన్నాడు. పైడితల్లి అన్నాడో లేదో ఎవరూ వినలేదు.

పొందూరు వాళ్ల తుండులన్నీ లేచాయి. రేవు జనానికి తుండులు లేకపోతే చొక్కాలు లేచాయి. కూర్మారావు మాత్రం రెండు చేతులూ చంకల్లో గట్టిగా దాచుకుని కూర్చున్నాడు. పోటీ అయిపోయింది, ఇక ఏం ఎగరేసినా ఫరవాలేదని పెద్దావిడే నన్ను ఆయనకు అందించింది. ఆయన నమ్మలేదు. నన్ను చొక్కా లోపల పెట్టుకుని బొత్తాలు పెట్టుకున్నాడు. ఆయన గుండె ఎంత చప్పుడు చేస్తోందో అప్పుడు విన్నాను. మా మగ్గం కూడా అంత చప్పుడు చెయ్యదు.

మర్నాడు పొద్దున్నే పైడి వేడి వేడి అన్నంలో వంజరం చేప పులుసు పోసుకుని తింటోంది. ఎన్నో వారాల తర్వాత ఎవరూ తూచని అన్నం. నేను ఆమె భుజం మీద ఉన్నాను. బెల్టు కుర్చీకి తగిలించి ఉంది, దాని మీద ఎండ పడుతోంది. కూర్మారావు వడ్డిస్తూ, ఆ పాయింటు పోయినందుకు కోపం లేదా అని మెల్లగా అడిగాడు.

ముద్ద మింగి ఆమె చెప్పింది. "పాయింటు పోతే మళ్లీ కొట్టి తెచ్చుకుంటాను సారూ. నువ్వు నన్ను ఆపీసినావనుకున్నానే, ఆ నిమిషం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో తెలీలేదు. మాస్టారు సంబరమన్నాక పానం లేచొచ్చింది." ఇంకో ముద్ద కలుపుకుని, ఇంకాస్త పులుసు పొయ్యమంది.

తర్వాత ఓ క్రీడా మ్యూజియం వాళ్లు వచ్చి గ్లవ్స్, బూట్లు అడిగి తీసుకున్నారు. ఆ తుండు కూడా ఇస్తే అద్దాల పెట్టెలో పెడతామన్నారు. గాలి లేని పెట్టెలో, మడత విప్పకుండా, పక్కన చీటీ పెట్టుకుని ఉండటం తలుచుకుని నాకు నూలు పోగులన్నీ బిగుసుకుపోయాయి. పైడి నన్ను తీగ మీంచి తీసి తల తుడుచుకుంటూ, అది పనిలో ఉందండి అంది. వాళ్లు మళ్లీ అడగలేదు. నాకు కలిగిన ఊరట మాటల్లో పెట్టలేను.

నిజంగానే పనిలో ఉన్నాను. ఏడాది తిరక్కుండానే బెల్టు నిలబెట్టుకునే పోటీ వచ్చింది. కార్నర్లో మూడోవాడు ఎవరని మాస్టారు నిట్టూరుస్తూ అడిగాడు. సారే అంది పైడి. మాస్టారు తలపట్టుకున్నాడు. అప్పుడు పైడి తనకు తట్టిన ఉపాయం చెప్పింది. పోటీనాడు డ్రెస్సింగ్ రూములో, గ్లవ్స్ వేసుకోకముందే, కార్నర్‌కు తీసుకెళ్లే నీళ్ల బకెట్టును దగ్గరకు లాక్కుంది. నా ఓ కొసను బకెట్టు చెవికి చుట్టి ముడేసి, పళ్లతో పట్టి లాగి బిగించింది. ఊడుతుందేమోనని రెండుసార్లు గుంజి చూసింది. నిండు బకెట్టు కాస్త కదిలి నీళ్లు తొణికాయి గానీ ముడి కదల్లేదు.

నా రెండో కొసను కూర్మారావు భుజం మీద వేసి, "ఇప్పుడు ఎంత సంబరపడతావో పడు," అంది. చేతులు మాస్టారు ముందు చాపింది. ఆయన పట్టీ అందుకుని జార్జ్ డిక్సన్ దగ్గర నుంచి మొదలుపెట్టాడు.